గంట పట్టే పనిని వెబ్ రిక్వెస్ట్‌లో పెట్టకండి

రిపోర్ట్ బటన్ నొక్కగానే చక్రం తిరిగి తిరిగి చివరికి 502 (సర్వర్ నుంచి సరైన జవాబు రాలేదనే ఎర్రర్) వస్తోందా? పైథాన్ వెబ్ యాప్‌ని నడిపే గునికార్న్ మామూలుగా 30 సెకన్లు చూసి వర్కర్‌ని (రిక్వెస్ట్‌కి జవాబిచ్చే ప్రాసెస్‌ని) చంపేస్తుంది, దాని ముందుండి రిక్వెస్ట్‌లు అందించే ఎన్జినెక్స్ 60 సెకన్లు ఆగుతుంది. ఈ అంకెలు పెంచుకుంటూ పోవడం అందరూ చేసేదే. నేనూ 600 దాకా పెంచాను, ఒకేసారి నలుగురు నొక్కేసరికి ఉన్న నాలుగు వర్కర్లూ అక్కడే ఇరుక్కుపోయి లాగిన్ పేజీ కూడా తెరుచుకోలేదు.

జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) వాడుతుంటే, పనులను వెనకాల విడిగా నడిపే సెలెరీ, ఆ పనుల క్యూని దాచే రెడిస్ పెట్టుకోండి. వ్యూ (రిక్వెస్ట్‌ని అందుకునే ఫంక్షన్) చేయాల్సింది ఇంతే: డేటాబేస్‌లో జాబ్ రికార్డు ఒకటి రాసి, దాని ఐడీని క్యూలో వేసి, వెంటనే 202 ('అందింది, పని ఇంకా కాలేదు' అనే జవాబు) పంపేయాలి. పని ఎంతవరకు వచ్చిందని పేజీయే మూడు సెకన్లకోసారి అడుగుతుంది. అయితే క్యూలో వేసేది కమిట్ అయ్యాకే, అంటే ఆ రికార్డు డేటాబేస్‌లో ఖాయమయ్యాకే, జాంగోలో ఆన్ కమిట్ (on_commit) ఉన్నది అందుకే. లేదంటే సెలెరీ వర్కర్ ముందే పరిగెత్తి, రికార్డు దొరక్క ఎర్రర్ కొడుతుంది, అదీ మీ లాప్‌టాప్‌లో కాదు, సర్వర్ మీదే.

అసలు తలనొప్పి ఇక్కడ మొదలవుతుంది. సెలెరీ మామూలుగా పని మొదలుపెట్టేముందే క్యూకి అందిందని చెప్పేస్తుంది కాబట్టి మధ్యలో వర్కర్ పోతే పని కూడా పోయినట్టే. అది వద్దని ఒక కాలేజీ ఫలితాల ఎస్ఎమ్ఎస్‌ల పనికి యాక్స్ లేట్ (acks_late, పని ముగిశాకే అందిందని చెప్పే సెట్టింగ్) ఆన్ చేశాను. పని గంట దాటింది. రెడిస్‌తో విజిబిలిటీ టైమౌట్ సరిగ్గా గంటే, ఆలోపు అందిందన్న కబురు రాకపోతే అదే పనిని ఇంకో వర్కర్‌కి ఇచ్చేస్తుంది. తల్లిదండ్రులకు ఒకే మెసేజ్ రెండేసి సార్లు వెళ్లింది, ఆ సాయంత్రం ఫోన్ ఎత్తాలంటే టెన్షన్.

టైమౌట్ పెంచొచ్చు గానీ పనిని ముక్కలు చేయడమే మేలు. వంద మందికో టాస్క్, ప్రతి విద్యార్థి పేరు పక్కన 'పంపాం' అని గుర్తు, మళ్లీ నడిస్తే గుర్తున్నవాళ్లని దాటేయడం. ఆ గుర్తు ఎప్పుడు పెట్టాలన్నదీ ఆలోచించండి: పంపాక పెడితే, ఈలోపు వర్కర్ పడిపోతే ఒకరికి రెండుసార్లు వెళ్తుంది, ముందే పెడితే ఒకరికి అసలు వెళ్లదు. ఫలితాలకు మొదటిదే నయం, డబ్బు కట్ చేసే పనికి మాత్రం రెండోది.

ముక్కలు చిన్నవైతే డిప్లాయ్‌కీ (కొత్త కోడ్ సర్వర్‌లో పెట్టడానికీ) సుఖం. ఆగమంటే సెలెరీ చేతిలో పని ముగించే ఆగుతుంది, కానీ సర్వర్ మీద కంటైనర్లను నడిపే కుబర్నెటీస్ మామూలుగా 30 సెకన్లే ఓపిక పడుతుంది, ఆపై చంపేస్తుంది.

ఇంకోటి, ఈ పెద్ద పనులకు క్యూ, వర్కర్లు వేరుగా పెట్టండి, వాటి వెనక ఓటీపీ మెయిల్ ఇరుక్కుంటే ఎవరూ లాగిన్ అవ్వలేరు.