హౌస్ ట్రాక్‌ని 12 అంగుళాల రికార్డుగా అచ్చు వేయించాలంటే

1980ల్లో షికాగోలో హౌస్ అనే డాన్స్ సంగీతం ఊపందుకున్ననాటి నుంచీ చిన్న లేబుళ్లకు (రికార్డు కంపెనీలకు) 12 అంగుళాల రికార్డే ప్రాణం. సూది నడిచే గాడికి చోటు ఎక్కువ దొరికితేనే కిక్ డ్రమ్ గట్టిగా మోగుతుంది. అందుకే 45 ఆర్‌పీఎంలో (నిమిషానికి 45 చుట్లు) ఒక్కో వైపు 9 నిమిషాలు దాటనివ్వకండి. దాటితే గాడి చుట్లు ఇరుకై శబ్దం లెవెల్ తగ్గించాల్సి వస్తుంది.

మిక్స్‌లో 150 హెర్ట్జ్ కింది బేస్ అంతా మోనో చేయండి, అంటే రెండు ఛానెళ్లలోనూ ఒకేలా ఉంచండి. ఇది మాత్రం వదలొద్దు. ఎడమ, కుడి ఛానెళ్లలో బేస్ తరంగాలు ఒకదానికొకటి వ్యతిరేకంగా ఉంటే గాడి లోతు తగ్గిపోయి సూది ఎగిరిపడుతుంది. హైహ్యాట్ (డ్రమ్స్‌లోని తాళాల జత) మరీ పదునుగా ఉంటే బరబరమంటుంది. రికార్డు మధ్యలోని లేబుల్ కాగితం వైపు వెళ్లేకొద్దీ చుట్టు పొడవు తగ్గుతుంది కాబట్టి అక్కడ ఈ బరబర ఇంకా ఎక్కువ. హోరెత్తించే ట్రాక్ బయటి అంచున, మెత్తనిది లోపల పెట్టండి.

మాస్టర్ (తుది మిక్స్) మీది లిమిటర్‌ని, అంటే శబ్దాన్ని ఒక హద్దు దాటనివ్వని సాధనాన్ని, తీసేసి, పీక్ (అత్యధిక స్థాయి) మైనస్ 3 డీబీ (డెసిబెల్) దాటకుండా 24 బిట్ వేవ్ ఫైల్‌ని గాడి చెక్కే (కటింగ్) స్టూడియోకు పంపండి.

టెస్ట్ ప్రెసింగ్ (పరీక్షకు ముందుగా అచ్చు వేసిన కొన్ని కాపీలు) రాగానే రెండు వేర్వేరు టర్న్‌టేబుళ్ల మీద వినండి. ఒక్క కాపీలోనే టక్కుమంటే దుమ్ము కావచ్చు. అన్నిటిలో అదే చోట టక్కుమంటే లోపం స్టాంపర్‌లోనో (రికార్డులు ఒత్తే లోహపు అచ్చు) కటింగ్‌లోనో ఉన్నట్టే, సరిచేసేదాకా ఒప్పుకోకండి. తొలి విడతకు 300 కాపీలు చాలు.