పని భారమా, జబ్బా, ఒంట్లో లోపమా: ఉద్యోగుల మానసిక ఇబ్బందులకు కారణం వెతికి సరిచేసుకునే విధానం

ఉద్యోగస్థుల మానసిక ఇబ్బందులు చాలావరకు మనసు పేరుతో బయటికి రావు. గ్యాస్ పట్టేసిందనీ, మెడ పట్టేసిందనీ, బీపీ పెరిగిందేమోననీ, నరాల బలహీనత వచ్చిందనీ చెప్పుకుంటారు కాబట్టి మొదటి చికిత్స సాధారణంగా మెడికల్ షాపు కౌంటరు దగ్గరే జరిగిపోతుంది. కారణాలు స్థూలంగా మూడు చోట్ల ఉంటాయి: ఒంట్లో, పని ఏర్పాటులో, మనసుకు వచ్చిన జబ్బులో. వీటిలో ఒకదానికి చేసే వైద్యం మరొకదానికి పనికిరాదు. మోయలేని పని ప్రాణాయామంతో తగ్గదు, డిప్రెషన్ సెలవుతో పోదు, థైరాయిడ్ లోపం కౌన్సెలింగ్‌తో సరికాదు. అందువల్ల లక్షణం కనిపించగానే పరిష్కారం కోసం పరుగెత్తకుండా, అది ఈ మూడింటిలో ఎక్కడి నుంచి వస్తున్నదో తేల్చుకోవడం ముఖ్యం.

అన్నిటికంటే ముందు చూడవలసినది

బతకడం అనవసరమనే ఆలోచన పదే పదే వస్తున్నా, చనిపోయే మార్గం గురించి మనసు లెక్కలు వేస్తున్నా కారణాల కోసం వెతుకుతూ కూర్చోకూడదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన, ఫోనులో మానసిక సాయం అందించే టెలీ మానస్ సేవకు 14416 నంబరులో రాత్రీ పగలూ ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ప్రమాదం అప్పటికప్పుడే ఉంటే 108కి గానీ 112కి గానీ ఫోను చేయాలి. ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. పురుగుమందులు, మోతాదుకు మించితే ప్రాణం తీసే మాత్రలు అందుబాటులో లేకుండా తీసివేయాలి. పోలీసు కేసు అవుతుందన్న భయంతో ఆసుపత్రికి వెళ్లడం ఆలస్యం చేసే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. అయితే 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షను, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలనీ, శిక్షించరాదనీ చెబుతోంది.

ఆదివారం సాయంత్రం నుంచే గుబులు మొదలవుతోంది

సెలవు రోజుల్లో మామూలుగా తింటూ, నవ్వుతూ ఉండే మనిషికి మర్నాడు ఆఫీసు ఉందనగానే కడుపులో తిప్పడం, తలనొప్పి, ఇంట్లో వాళ్లమీద విసుగు వస్తున్నాయంటే, కారణం పని ఏర్పాటులో ఉండే అవకాశం ఎక్కువ. పండుగకు ఊరెళ్లిన నాలుగైదు రోజుల్లో ఇబ్బంది తగ్గిందా లేదా అన్నదే ఇక్కడ మొదటి పరీక్ష. తగ్గి, తిరిగి వచ్చిన రోజునే మళ్లీ పట్టుకుంటే, వేలు పనివైపు చూపిస్తున్నట్టే.

అయితే ‘పని ఒత్తిడి’ అని ఊరుకుంటే ఏమీ తేలదు. ఒక రెండు వారాలపాటు ఏ రోజు, ఏ సమయంలో, ఎవరి దగ్గర, ఏ పని చేస్తుండగా గుబులు పెరిగిందో చిన్న పుస్తకంలో రాసుకుంటే, నిజమైన కారణం సాధారణంగా ఊహించిన దానికంటే చిన్నదిగానూ, స్పష్టంగానూ కనిపిస్తుంది. ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠం చెప్పడమంటే ప్రాణం పెట్టే అధ్యాపకుడిని నిజంగా నలిపేస్తున్నది పాఠం కాకపోవచ్చు. వేసవిలో అడ్మిషన్ల లక్ష్యంతో ఇంటింటికీ తిరగవలసి రావడం కావచ్చు. బ్యాంకు ఉద్యోగిని కుంగదీస్తున్నది లెక్కలు కాక, సాయంత్రం అందరి ముందూ చదివే వసూళ్ల పట్టిక కావచ్చు. విదేశీ క్లయింటుతో పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ఎనిమిది గంటల పని కంటే, రాత్రి పదకొండుకు వచ్చే కాల్ కోసం సాయంత్రమంతా ఎదురుచూడటమే ఎక్కువ భారమై ఉండవచ్చు.

ఈ స్థితి నెలల తరబడి సాగినప్పుడు వచ్చే అలసటను ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పులో బర్నౌట్ అన్న పేరుతో చేర్చింది. దానికి మూడు గుర్తులు చెప్పింది: శక్తి పూర్తిగా హరించుకుపోయిన భావన, పనిమీద ఏవగింపు లేదా అంటీముట్టనితనం, తాను చేసేది ఎందుకూ కొరగాదనిపించడం. ఆ సంస్థ దీన్ని జబ్బుల జాబితాలో కాక, పనికి సంబంధించిన పరిణామంగా పేర్కొంది. సరిగా నిర్వహించని దీర్ఘకాలిక పని ఒత్తిడి వల్ల వచ్చేదని వివరించింది. ఆ మాట యాజమాన్యాలు శ్రద్ధగా చదవవలసినది. ఉద్యోగుల క్షేమం పేరిట సాయంత్రం ఆరు తర్వాత యోగా తరగతి పెట్టి, దానికి హాజరు కూడా తీసుకునే కార్యాలయాలు మన నగరాల్లో లేకపోలేదు. ఆ గంట ముందుగా ఇంటికి పంపితే అంతకంటే మేలు జరిగేది.

పరిష్కారం కూడా పని దగ్గరే వెతకాలి. పై అధికారితో ‘ఒత్తిడి ఎక్కువగా ఉందండీ’ అని అంటే సానుభూతి తప్ప మరేమీ దొరకదు. చేతిలో ఉన్న పనుల జాబితా, ఒక్కొక్కదానికి పడుతున్న గంటలు రాసి చూపి, ‘ఈ వారంలో ఇవన్నీ కావండీ, ఏది వెనక్కి జరపమంటారో మీరే చెప్పండి’ అని అడిగితే, నిర్ణయం ఆయన చేతిలో పడుతుంది. కాల్స్‌ను వారంలో రెండు రోజులకు కుదించమని గానీ, జట్టులో వంతులు వేయమని గానీ అడగడం ఉద్యోగం మానేయడం కంటే చిన్న అడుగు. ముందు దాన్నే ప్రయత్నించాలి. కారణం పని కాక వేధింపు అయినప్పుడు సర్దుకుపోవడం పరిష్కారం కాదు. మహిళలు ఎదుర్కొనే లైంగిక వేధింపుల విషయంలో, పది మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న ప్రతి సంస్థలోనూ అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం నిర్దేశించింది. ఘటన జరిగిన మూడు నెలల్లోగా దానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి.

సెలవు పెట్టి ఇంట్లో ఉన్నా తేరుకోవడం లేదు

పైన చెప్పిన పరీక్షలో రెండో ఫలితం ఇది. పనికి దూరంగా ఉన్నా దిగులు పోలేదు. ఇష్టమైన క్రికెట్ మ్యాచ్ మీద, పిల్లల మాటల మీద, తిండి మీద కూడా ఆసక్తి పోయింది. తెల్లవారుజామునే మెలకువ వచ్చి మళ్లీ నిద్రపట్టడం లేదు. ప్రతి చిన్న పొరపాటుకూ తనను తానే నిందించుకుంటున్నారు. ఇవి రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా ఉంటే, దాన్ని అలసట అనుకోకూడదు. డిప్రెషన్ అయి ఉండవచ్చునని అనుమానించాలి.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు ఉద్యోగానికి రాజీనామా చేయడం. అంతా వ్యర్థమనిపించడం ఆ జబ్బు లక్షణాల్లోనే ఒకటి కాబట్టి, ఆ స్థితిలో ఉద్యోగం కూడా వ్యర్థంగానే కనిపిస్తుంది. కోలుకున్నాక అదే ఉద్యోగం భరించదగినదిగా కనిపించవచ్చు. జీతం ఆగితే చికిత్సకే ఇబ్బంది. అందుకని పెద్ద నిర్ణయాలను కోలుకునేదాకా వాయిదా వేసి, ముందుగా వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. ఆ వైద్యుడు మొదట రక్త పరీక్షలు రాస్తే, మన మాట నమ్మలేదని బాధపడనక్కరలేదు. థైరాయిడ్ తక్కువగా పనిచేయడం, రక్తహీనత, బి12 లోపం కూడా ఇదే రకమైన నీరసాన్నీ, నిరాసక్తతనూ తెచ్చిపెట్టగలవు. ముఖ్యంగా శాకాహారుల్లో బి12 లోపాన్ని తప్పక చూడాలి.

పరీక్షలు బాగానే ఉంటే, ఎవరి దగ్గరికి వెళ్లాలన్న ప్రశ్న వస్తుంది. సైకియాట్రిస్ట్ ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో ప్రత్యేక శిక్షణ పొందిన వైద్యుడు, మందులు రాయగలడు. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు, మాటల ద్వారా, ఆలోచనా విధానాన్ని సరిచేసే పద్ధతుల ద్వారా చికిత్స చేస్తారు. వారికి భారత పునరావాస మండలి నమోదు ఉందో లేదో అడిగి తెలుసుకోవడం మంచిది. తేలికపాటి కుంగుబాటుకు మాటల చికిత్స ఒక్కటే సరిపోవచ్చు. తీవ్రమైన దానికి మందులు కూడా అవసరమవుతాయి. ప్రైవేటు ఫీజులు భరించలేనివారికి హైదరాబాదు ఎర్రగడ్డలోనూ, విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. ‘ఎర్రగడ్డ’ అన్న మాటనే మన సినిమాలు ఇన్నేళ్లూ వెటకారంగా వాడటం వల్ల, అక్కడి ఓపీకి వెళ్లవలసినవారిలో ఎందరు వెనకడుగు వేశారో చెప్పలేం. 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, మానసిక రుగ్మత ఉన్నవారిలో దాదాపు 80 శాతం మంది ఏడాదికి పైగా బాధపడుతున్నా ఏ చికిత్సా పొందలేదని తేలింది.

ఉన్నట్టుండి గుండె దడ, ఊపిరాడనట్టు ఉండటం. ఈసీజీ మాత్రం బాగానే ఉంది

మొదటిసారి వచ్చినప్పుడు ఆసుపత్రికి వెళ్లి గుండెను చూపించుకోవడమే సరైన పని. ‘టెన్షన్ వల్లే’ అని ఎవరూ ఇంట్లో కూర్చుని తేల్చకూడదు. ఛాతీనొప్పి ఎడమ చేతికో, దవడకో పాకుతున్నప్పుడు గానీ, చెమటలు పట్టి శ్రమతో నొప్పి పెరుగుతున్నప్పుడు గానీ ఎన్నోసారి వచ్చినా మళ్లీ చూపించుకోవలసిందే. గుండెకు లోపం లేదనీ, థైరాయిడ్ అతిగా పనిచేయడం కూడా కారణం కాదనీ తేలాక, ఇలాంటి దాడులు పదే పదే వస్తుంటే అది పానిక్, అంటే ఉన్నట్టుండి ముంచుకొచ్చే తీవ్ర భయం, అయ్యే అవకాశం ఉంది. భయంతో శరీరం పారిపోవడానికో, పోరాడటానికో సిద్ధమవుతుంది. శ్వాస వేగం పెరిగి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. దానివల్ల చేతివేళ్లు తిమ్మిరెక్కి, తల తేలిపోతుంది. ఆ తిమ్మిరిని చూసి మనిషి ఇంకా భయపడతాడు. సాధారణంగా పది నిమిషాల్లో ఇది పతాక స్థాయికి చేరి, ఆ తర్వాత తనంతట తానే తగ్గుతుంది.

దాడి సమయంలో ఊపిరి పీల్చడం కంటే విడవడం నిదానంగా, పొడవుగా జరిగేలా చూసుకుంటే దడ త్వరగా తగ్గుతుంది. కానీ అసలు చికిత్స దాడుల మధ్య రోజుల్లో ఉంటుంది. మీటింగ్‌లో దడ వచ్చిందని మీటింగులు, మెట్రోలో వచ్చిందని మెట్రో మానుకుంటూ పోతే, ప్రపంచం నెలనెలా ఇరుకవుతుంది, భయం మాత్రం బలపడుతుంది. తప్పించుకున్న చోట్లకే మెట్లు మెట్లుగా, నిపుణుల సాయంతో తిరిగి వెళ్లడం వల్ల ఇది చాలావరకు తగ్గుతుంది. స్నేహితుడు ఇచ్చాడని, ఆందోళన తగ్గించే అల్ప్రాజొలామ్ మాత్ర జేబులో పెట్టుకు తిరగడం చాలా మందికి అలవాటు. అది వైద్యుడి చీటీ లేకుండా అమ్మకూడని మందు. వారాల తరబడి వాడితే అలవాటుగా మారి, ఒక్కసారిగా మానేస్తే మొదటికంటే ఎక్కువ ఆందోళనను, ఒక్కోసారి మూర్ఛను కూడా తెస్తుంది.

నిద్ర పట్టడం లేదు

సాయంత్రం ఆరింటికి తాగిన టీ, కాఫీలలోని కెఫీన్ సగం విరిగిపోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. మద్యం నిద్ర తొందరగా తెప్పిస్తుంది గానీ అర్ధరాత్రి తర్వాత దాన్ని ముక్కలు చేస్తుంది. ఈ రెండూ లేకపోయినా నిద్ర రాకపోతే, పడుకునే వేళ కంటే లేచే వేళను స్థిరంగా ఉంచడం, ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే మంచం దిగి మసక వెలుతురులో ఏదైనా చదువుకోవడం, పగటి కునుకు మానడం మేలు చేస్తాయి. రాత్రి షిఫ్టువారికి కష్టం వేరు: ఇంటికి వచ్చేటప్పుడు ఎండ కళ్లలో పడకుండా చూసుకోవాలి, చీకటి గది ఏర్పాటు చేసుకోవాలి, వారానికోసారి షిఫ్టు మారే పద్ధతిని వీలైనంతవరకు తప్పించమని సంస్థను అడగాలి. వీటన్నిటి తర్వాత కూడా వారానికి మూడు రాత్రులు, మూడు నెలలపాటు ఇదే పరిస్థితి ఉంటే వైద్యుడికి చూపించాలి. పెద్దగా గురక పెడుతూ, పగలంతా తూగుతున్నవారికి నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉండవచ్చు, అది మనసుకు సంబంధించినది కాదు.

కలిసి పనిచేసే మనిషి మారిపోయారు

భోజనానికి రావడం మానేశారు, నిక్కచ్చిగా పనిచేసేవారు తప్పులు చేస్తున్నారు, మాటకు ముందే కళ్లనీళ్లు తిరుగుతున్నాయి. కారణం మనం తేల్చనక్కరలేదు, తేల్చకూడదు కూడా. ‘ఈ మధ్య మీరు భోజనానికి రావడం లేదు, నాకు బెంగగా ఉంది, ఏమైనా చెప్పాలనుంటే వింటాను’ అని, కనిపించినదాన్ని మాత్రమే చెప్పి ఆగాలి. ‘మా బావగారికీ ఇలాగే అయింది’ అని మన కథ మొదలుపెడితే ఎదుటివారు మాట మింగేస్తారు. చావు ఆలోచనలు ఉన్నాయేమోనన్న అనుమానం వస్తే సూటిగా అడగవచ్చు. అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు.

ఆఫీసులో తెలిస్తే ఏమవుతుందోనని చికిత్సకు వెళ్లడం లేదు

జబ్బు వివరాలను గోప్యంగా ఉంచే హక్కు రోగికి పైన చెప్పిన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చింది. చికిత్స చేసేవారు చట్టం చెప్పిన కొన్ని సందర్భాల్లో తప్ప ఇతరులకు చెప్పకూడదు. మేనేజరుకు ‘ఆరోగ్య కారణాలవల్ల’ అన్న ముక్క చాలు, సర్టిఫికెట్ హెచ్‌ఆర్ విభాగానికి ఇవ్వవచ్చు. శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని కూడా ఆ చట్టం చెబుతోంది. దీర్ఘకాలిక మానసిక అనారోగ్యాన్ని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల్లో ఒకటిగా గుర్తించింది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం ఏర్పడినవారిని ప్రభుత్వ సంస్థలు తొలగించడం, హోదా తగ్గించడం సాధారణంగా కుదరదు. ప్రైవేటు ఉద్యోగంలో చట్టం అంత దూరం అండగా నిలవదు కాబట్టి, ఎవరికి ఎంత చెప్పాలో ఆచితూచి నిర్ణయించుకోవడంలో తప్పు లేదు. చికిత్స మాత్రం ఆపవద్దు.

మందులు మొదలుపెట్టినా గుణం కనిపించడం లేదు

డిప్రెషన్ మందులు పనిచేయడం కనిపించడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తి ఫలితానికి ఇంకొంత ఎక్కువ కాలం పడుతుంది. వికారం, తలనొప్పి వంటి ఇబ్బందులు మాత్రం మొదటి వారంలోనే వస్తాయి. అందుకే చాలామంది మేలు మొదలయ్యే ముందే మాత్రలు మానేస్తారు. ఇంకొందరు సరిగ్గా ఎదురు దిక్కున, రెండు నెలలకు బాగుందనిపించగానే ఆపేస్తారు, జబ్బు తిరగబెడుతుంది. కోలుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించమని వైద్యులు చెప్పేది ఇందుకే. ఆరు వారాలు క్రమం తప్పకుండా వాడినా మార్పు లేకపోతే, మోతాదు పెంచడానికి గానీ, వేరే మందుకు మారడానికి గానీ అవకాశం ఉంటుంది కాబట్టి అదే వైద్యుడి దగ్గరికి తిరిగి వెళ్లి ఆ మాట చెప్పాలి. మానదలచుకున్నా ఒక్కరోజులో ఆపకుండా, ఆయన చెప్పిన క్రమంలో మోతాదు తగ్గించుకుంటూ మానాలి.