ఇంజన్ ఆగిపోతే ఎలా దిగాలి: ఇంట్లో సిమ్యులేటర్ మీద సాధన

ఎక్స్‌ప్లేన్ అయినా మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ అయినా, ఒకే ఇంజన్ ఉన్న చిన్న విమానం సెస్నా 172ఎస్‌తో మొదలుపెట్టండి. ఎయిర్‌బస్‌ల జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. నేనైతే బేగంపేట నుంచి లేస్తాను. రన్‌వే పొడవైనది, పక్కనే హుస్సేన్ సాగర్ ఉంటుంది కాబట్టి దారి తప్పే టెన్షన్ ఉండదు.

ఆల్టిమీటర్ 3,700 అడుగులు చూపించే దాకా ఎక్కండి. అంత ఎత్తులో ఉన్నామని మురిసిపోకండి, అది సముద్రమట్టం నుంచి లెక్క. బేగంపేట నేలే సుమారు 1,740 అడుగుల మీద ఉంది. అంటే మీ కింద ఉన్నది రెండు వేల అడుగులే. గాలి లేకపోతే ఈ విమానం వెయ్యి అడుగులకు ఒకటిన్నర నాటికల్ మైలు జారుతుంది. మొత్తం మీద మూడు మైళ్లు. వెనక్కి తిరగాల్సి వస్తే అందులోనూ కోత పడుతుంది.

ఇంజన్ ఎప్పుడు ఆగాలో మీరు నిర్ణయించుకోవద్దు, అసలు కిటుకు ఇదే. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో పక్షులు తగిలి ఇంజన్లు పోయి హడ్సన్ నదిలో దిగిన విమానం కేసులో దర్యాప్తు వాళ్లు సిమ్యులేటర్ మీద పరీక్షలు చేశారు. పక్షులు తగలగానే వెనక్కి తిప్పినప్పుడు కొన్నిసార్లు అది బయల్దేరిన లాగార్డియా విమానాశ్రయం రన్‌వే అందింది. 35 సెకన్లు ఆగి తిప్పినప్పుడు అందలేదు. తేరుకోవడానికి పట్టే ఆ సమయమే మనం సాధన చేయాల్సింది. ఎక్స్‌ప్లేన్‌లో ఫెయిల్యూర్లను యాదృచ్ఛికంగా పెట్టుకోవచ్చు. మా ఇంట్లో ఆ డ్యూటీ మేనల్లుడిది. నేను మ్యాప్ చూస్తుంటే వెనక నుంచి వచ్చి మిక్స్చర్ (ఇంజన్‌కి ఇంధనం పాళ్లు సర్దే పిడి) లాగేసి ఇంజన్ ఆపేస్తాడు. "ఇంకా మ్యాపేంటి మామయ్యా, స్పీడ్ చూడు!" అంటాడు. వాడి మాటే కరెక్టు.

ముందు ముక్కు సర్ది 68 నాట్ల వేగం పట్టండి, అది నిలిచేలా ట్రిమ్ చేయండి. చోటు ఎంచుకుని అటు తిప్పండి. ఆ తర్వాతే ఇంజన్ సంగతి: ఫ్యూయల్ షటాఫ్ లోపలికి, సెలెక్టర్ బోత్ (రెండు ట్యాంకులూ), పంప్ ఆన్, మిక్స్చర్ రిచ్, ఇగ్నిషన్ బోత్. ఒక్కోదాన్నీ చేత్తో తాకుతూ, పైకి పలుకుతూ చేయండి. ఇంట్లోవాళ్లు నవ్వితే నవ్వనీండి. మిక్స్చర్ తోస్తే ఇంజన్ మళ్లీ అందుకుంటుంది కదా అని ఊరుకోవద్దు, వెంటనే థ్రాటిల్ (పవర్ పిడి) పూర్తిగా వెనక్కి లాగి దిగడం కొనసాగించండి. పాజ్ నొక్కడం నిషేధం. రేడియోలో మేడే (ఆపద పిలుపు), రాడార్‌కు మన జాడ చెప్పే ట్రాన్స్‌పాండర్‌లో అత్యవసర కోడ్ 7700, అదీ తీరిక దొరికితేనే.

పొలం ఎంపికలో సిమ్యులేటర్ మనల్ని మోసం చేస్తుంది. అందులో పచ్చగా కనిపించేది ఏ సీజన్‌లోనో తీసిన ఉపగ్రహ చిత్రం. నిజంగా నీళ్లు కట్టిన వరిమడిలో దిగితే చక్రం దిగబడి విమానం బోల్తా కొట్టే ప్రమాదం ఉంది. కరెంటు తీగలు గాల్లోంచి కనపడవు, స్తంభాల వరస చూసి ఊహించుకోవాల్సిందే. అందుకే స్తంభాలు, గట్లు లేని బీడు నేలనే వెతకండి. లేచిన వెంటనే ఇంజన్ పోతే మాత్రం వెనక్కి తిరగొద్దు, ఎదురుగా కాస్త అటూ ఇటూ చూసుకుని దిగడమే.

చోటు ఖాయంగా అందుతుందనుకున్నాక మిక్స్చర్, ఫ్యూయల్, ఇగ్నిషన్ కట్టేయండి. ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కదిలే రేకులు) పూర్తిగా దించి 65 నాట్లకు రండి, తలుపు గొళ్లెం తీయండి. మాస్టర్ స్విచ్ ఆఖర్న. ఈ విమానంలో ఫ్లాప్స్ కరెంటుతోనే కదులుతాయి, ముందే ఆపేస్తే ఎక్కడున్నవి అక్కడే ఉండిపోతాయి.