మజిల్ కారుకు వెడల్పు టైర్లు: లక్షణం ఏమిటి, కారణం ఎక్కడ, ఎలా సరిచేయాలి

1960ల చివర్లో కమారో, మస్టాంగ్, చార్జర్ లాంటి మజిల్ కార్లు, అంటే బలమైన ఇంజిను పెట్టిన అమెరికన్ కార్లు, చాలా వరకు 6, 7 అంగుళాల వెడల్పు రిమ్ములతోనే ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చాయి. వాటి మీద ఎఫ్70-14 లాంటి సైజుల్లో బయాస్ ప్లై టైర్లు (లోపలి తీగల పొరలను ఏటవాలుగా పేర్చిన పాత రకం) ఉండేవి. 300 హార్స్‌పవర్ దాటిన ఇంజినుకు ఆ టైర్లు ఏ మూలకూ చాలవు. అందుకే అలాంటి కారు చేతికి రాగానే ఎవరి చూపైనా ముందు వెడల్పు టైర్ల మీద పడుతుంది. ఆ కోరికలో తప్పేమీ లేదు. తప్పు జరిగేది వరుసలోనే. నచ్చిన టైరు ముందు కొంటారు, దానికి రిమ్ము వెతుకుతారు, ఫెండర్ లోపల చోటు ఎంత ఉందో చివర్లో చూస్తారు. జరగవలసింది దీనికి పూర్తిగా తలకిందులు. ముందు చోటు కొలవాలి, ఆ చోటుకు తగిన రిమ్ము ఎంచుకోవాలి, ఆ రిమ్ము మోయగలిగిన టైరు ఆఖరున కొనాలి. కింద చెప్పే తంటాల్లో ఎక్కువ భాగం ఈ వరుస తప్పినందువల్ల వచ్చేవే.

లక్షణాల్లోకి వెళ్లే ముందు టైరు మీది అంకెలు చదవడం వచ్చి ఉండాలి. 275/40ఆర్18 అంటే వెడల్పు 275 మి.మీ., సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు ఆ వెడల్పులో 40 శాతం, అంటే 110 మి.మీ., రిమ్ము వ్యాసం 18 అంగుళాలు. పైనా కిందా కలిపి సైడ్‌వాల్ 220, రిమ్ము 457. మొత్తం వ్యాసం 677 మి.మీ. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆ 275 అనేది ఒక నిర్ణీత వెడల్పు రిమ్ము మీద కొలిచిన అంకె. ఈ సైజుకు అది 9.5 అంగుళాలు. రిమ్ము అర అంగుళం మారితే టైరు వెడల్పు కూడా సుమారు 5 మి.మీ. మారుతుంది. కాబట్టి టైరు మీది అంకెను చూసి చోటు సరిపోతుందని తీర్మానించకండి.

లక్షణం: స్టీరింగ్ చివరిదాకా తిప్పితే ముందు టైరు రాసుకుంటున్న చప్పుడు

చప్పుడు వినగానే ఫెండర్ కోయడానికి సిద్ధపడవద్దు. ఎక్కడ రాసుకుంటోందో తెలియనిదే మందు వేయలేం. చక్రం విప్పి టార్చి వేసి చూడండి. లోపలి వైపు తగులుతుంటే ఫ్రేము మీదో స్వే బార్ (మలుపులో కారు ఒరగకుండా ఆపే కడ్డీ) మీదో రంగు పోయి లోహం మెరుస్తూ, చుట్టూ నల్లటి రబ్బరు పొడి అంటుకుని ఉంటుంది. బయటి వైపు తగులుతుంటే ఫెండర్ లోపలికి మడిచిన అంచు కత్తిలా పనిచేసి, టైరు భుజం మీద వరుసగా సన్నని గాట్లు పెడుతుంది. గాటు లోతుగా ఉండి లోపలి తీగలు కనిపిస్తుంటే ఆ టైరు మీద ఇక ప్రయాణం చేయకండి.

కారణం దాదాపు ఎప్పుడూ బ్యాక్‌స్పేసింగ్ లేదా ఆఫ్‌సెట్. రిమ్మును నేల మీద వెనక వైపు పైకి ఉండేలా పడుకోబెట్టి, అడ్డంగా ఒక స్కేలు పెట్టి, హబ్బుకు (కారులో చక్రం బిగించే భాగానికి) ఆనే ముఖం నుంచి స్కేలు దాకా కొలిస్తే వచ్చేది బ్యాక్‌స్పేసింగ్. ఆ ముఖం రిమ్ము నడిమధ్య గీతకు ఎంత దూరంలో ఉందో చెప్పేది ఆఫ్‌సెట్. రిమ్ము అంచుల మందం వల్ల, 7 అంగుళాల రిమ్ము అని చెప్పినది ఈ చివర నుంచి ఆ చివరకు సుమారు 8 అంగుళాలు ఉంటుంది. దానికి బ్యాక్‌స్పేసింగ్ 4 అంగుళాలైతే ఆఫ్‌సెట్ సున్నా. అదే రిమ్ముకు బ్యాక్‌స్పేసింగ్ 4.5 అయితే ఆఫ్‌సెట్ ప్లస్ 12.7 మి.మీ., అంటే చక్రం అంత మేరకు లోపలికి జరిగింది.

కొత్త రిమ్ము కొనే ముందు ఈ లెక్క కాగితం మీద వేసి తీరాలి. పాత రిమ్ము 8 అంగుళాలు, ఆఫ్‌సెట్ ప్లస్ 45 అనుకుందాం. కొత్తది 9.5 అంగుళాలు, ప్లస్ 38. వెడల్పు మొత్తం 38 మి.మీ. పెరిగింది. అందులో 12 మి.మీ. లోపలికి, 26 మి.మీ. బయటికి వెళ్తాయి. లోపల తగులుతున్న కారుకు ఈ రిమ్ము ఇంకో 12 మి.మీ. తెచ్చి మీద పెడుతుంది. చూడటానికి ఎంత అందంగా ఉన్నా అది ఆ కారు రిమ్ము కాదు. దీనికి తోడు 275 టైరు 9.5 అంగుళాల రిమ్ముకు రెండు పక్కలా సుమారు 17 మి.మీ. చొప్పున పొంగి ఉంటుంది. ఆ పొంగును కూడా కలుపుకోవాలి.

లోపల తగులుతుంటే బ్యాక్‌స్పేసింగ్ తక్కువున్న రిమ్ము, బయట తగులుతుంటే ఎక్కువున్నది కావాలి. లోపల కొన్ని మిల్లీమీటర్ల తేడా మాత్రమే ఉంటే హబ్బుకు సరిగ్గా కూర్చునే స్పేసర్ (హబ్బుకూ రిమ్ముకూ మధ్య పెట్టే బిళ్ల) వేయవచ్చు. అయితే నట్టు బిగిసే మర పొడవు కనీసం స్టడ్ (హబ్బు నుంచి పొడుచుకు వచ్చే మర కడ్డీ) వ్యాసమంత మిగలాలి, లేకుంటే పొడవైన స్టడ్లు వేయించాలి. ఫెండర్ అంచు మాత్రమే అడ్డమైతే, రంగు పగలకుండా వేడిచేసి ఆ మడతను రోలర్‌తో పైకి చదును చేయించవచ్చు. రెండు వైపులా తగులుతుంటే ఏ ఆఫ్‌సెట్టూ కాపాడదు, సైజు తగ్గించాల్సిందే. టైరు ఎత్తే సమస్యయితే 275/40 బదులు 275/35 వేస్తే వ్యాసం 27 మి.మీ. తగ్గుతుంది.

నేను ప్రతిసారీ చేసే పరీక్ష ఒకటుంది. పిల్లలు బొమ్మలు చేసే మెత్తటి బంకమట్టిని చిన్న ఉండలుగా చేసి ఫెండర్ అంచుకు, ఫ్రేముకు, స్వే బార్‌కు అంటించండి. కారును స్టాండ్ల మీద నిలిపి, స్ప్రింగు తీసి, జాకీతో సస్పెన్షన్‌ను పూర్తిగా పైకీ కిందికీ నడుపుతూ స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. ఒకసారి 15 అంగుళాల చక్రాలున్న పాత కమారో మీద ఇలా చేస్తే, ఎడమ ఫెండర్ ముందు మూల అంటించిన ఉండ అట్టముక్కలా అణిగిపోయింది, కుడివైపుది చెక్కుచెదరలేదు. యాభై ఏళ్లు దాటిన బాడీలో రెండు పక్కలూ ఒకేలా ఉంటాయని నమ్మకూడదని నాకు నేర్పింది ఆ ఉండే. ఎప్పుడు కొలిచినా నాలుగు చక్రాలనూ విడివిడిగా కొలవండి.

లక్షణం: ఖాళీగా ఉంటే బాగుంది, మనుషులు ఎక్కితే లేదా మలుపులో వెనక టైరు తగులుతోంది

వెనక ఇరుసు ఒకే కడ్డీలా ఉన్న కార్లలో ఇది సహజం. ఒక చక్రం గతుకెక్కి పైకి లేస్తే, ఆ టైరు పై భాగం లోపలికి ఒరుగుతుంది. చదును నేల మీద కొలిచిన చోటు అప్పుడు ఉండదు. లీఫ్ స్ప్రింగుల (పట్టీల స్ప్రింగుల) కార్లలో మలుపు తిరిగేటప్పుడు ఇరుసు పక్కకు కూడా కాస్త జరుగుతుంది, బుష్షులు (స్ప్రింగు కీళ్లలోని రబ్బరు తొడుగులు) అరిగిపోయి ఉంటే మరీ ఎక్కువ. కాబట్టి రిమ్ము మార్చే ముందు బుష్షులు మార్చి చూడండి, తక్కువ ఖర్చుతో పని తీరిపోవచ్చు. 2005 నుంచి 2014 వరకు వచ్చిన మస్టాంగ్‌లలో ఇరుసును పక్కలకు కదలకుండా పట్టుకునేది పానార్డ్ బార్. కారును కిందికి దించితే ఆ బార్ కోణం మారి ఇరుసు ఒక పక్కకు జరుగుతుంది. ఒకవైపు వేలు పట్టనంత ఇరుకు, రెండోవైపు బోలెడంత చోటు కనిపిస్తే కారణం అదే. పొడవు సవరించుకునే పానార్డ్ బార్ వేసి ఇరుసును మళ్లీ మధ్యకు తెస్తే సరిపోతుంది.

లక్షణం: టైరు వెడల్పే, కానీ మలుపులో కారు తూలుతోంది, ట్రెడ్ (నేలకు ఆనే భాగం) నడుమ మాత్రమే అరుగుతోంది

రిమ్ము ఇరుకు, టైరు వెడల్పు. రెండు అంచులూ దగ్గరకు నొక్కుకుపోయి సైడ్‌వాల్ బుడగలా పొంగుతుంది, ట్రెడ్ మధ్యలో విల్లులా లేస్తుంది. స్టీరింగ్ తిప్పిన తర్వాత సైడ్‌వాల్ వంగి, ఆ పైన టైరు కదులుతుంది. వెడల్పుకు డబ్బిచ్చి, నేలకు ఆనే వెడల్పును పోగొట్టుకోవడం ఇది. నాకు అన్నిటికంటే బాధ కలిగించే పొరపాటు కూడా ఇదే, ఎందుకంటే టైరు కంపెనీ పట్టికలో ఒక వరుస చదివితే జరగకుండా ఉండేది.

275/40ఆర్18కు అనుమతించిన రిమ్ములు 9 నుంచి 11 అంగుళాలు. దాన్ని 8 అంగుళాల రిమ్ము మీద ఎక్కించేవారు ఉన్నారు. ఎక్కుతుంది, గాలి కూడా నిలుస్తుంది, అంతమాత్రాన సరిపోయినట్టు కాదు. పాత ర్యాలీ రకం 15×7 రిమ్ముకు 235/60ఆర్15 చక్కగా కుదురుతుంది, 255/60ఆర్15 అంచు మీద ఉంటుంది, 275/60ఆర్15 వేయకూడదు.

సరైన రిమ్మే ఉండి నడుమ అరుగుతుంటే గాలి ఎక్కువైంది. ట్రెడ్ మీద అడ్డంగా సుద్దముక్కతో మందంగా గీత గీసి, నేరుగా కొద్ది దూరం నడపండి. గీత మధ్యలో చెరిగి అంచుల్లో మిగిలితే గాలి తగ్గించాలి, అంచుల్లో చెరిగి మధ్యలో మిగిలితే పెంచాలి. ఒకసారికి 2 పీఎస్ఐ చొప్పున మార్చండి. డోర్ పక్కన అంటించిన అంకె ఫ్యాక్టరీ టైరుకు చెప్పినది, అక్కడి నుంచి మొదలుపెట్టండి. టైరు బరువు మోయడానికి కావలసిన కనీస గాలి కన్నా కిందికి మాత్రం దిగవద్దు.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. 15 అంగుళాల్లో వెడల్పు టైర్లు దొరికినా నిజమైన పెర్ఫార్మెన్స్ రబ్బరు చాలా తక్కువ. తెల్ల అక్షరాలతో ఎంతో ముచ్చటగా కనిపించే రకాల్లో చాలావాటి స్పీడ్ రేటింగ్ ఎస్, అంటే గంటకు 180 కి.మీ. కారు కాలానికి తగ్గ రూపం కావాలంటే అవి బంగారంలాంటివి. పట్టు కావాలంటే మాత్రం 17, 18 అంగుళాలకు వెళ్లక తప్పదు. పెద్ద డిస్కు బ్రేకులు పట్టాలన్నా అదే దారి.

లక్షణం: రోడ్డు మీది గాడులు స్టీరింగ్‌ను లాగేస్తున్నాయి

వెడల్పు టైరుకు ఈ గుణం కొంత ఉంటుంది, పూర్తిగా పోదు. కానీ చేతిలోంచి లాక్కునేంత ఉంటే అలైన్‌మెంట్ చూడండి. పాత మజిల్ కార్ల ఫ్యాక్టరీ కొలతలు బయాస్ ప్లై టైర్ల కోసం రాసినవి. వాటిలో కాస్టర్ (పక్క నుంచి చూస్తే చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) సున్నాకు దగ్గరగా ఉంటుంది, క్యాంబర్ (చక్రం పై భాగం పక్కకు వాలిన కోణం) కొన్నిటిలో పాజిటివ్, అంటే బయటికి. ఇప్పటి వెడల్పు రేడియల్ టైరుకు అవి పనికిరావు. పవర్ స్టీరింగ్ ఉంటే కాస్టర్ ప్లస్ 3 నుంచి 5 డిగ్రీలు, క్యాంబర్ మైనస్ అర డిగ్రీ దరిదాపు, టో (చక్రాల ముందు కొసలు చూసే దిశ) కొద్దిగా లోపలికి ఉండేలా పెట్టమని అడగండి. మెకానిక్ పాత పుస్తకం తెరిచి అందులోని అంకెలకే పెడితే డబ్బు దండగ. అలైన్‌మెంట్ బాగుండి కూడా లాగుతుంటే ఆఫ్‌సెట్ చూడాలి. చక్రం మరీ బయటికి జరిగితే ప్రతి గతుకూ స్టీరింగ్‌ను కొడుతుంది.

లక్షణం: గంటకు 90, 100 కి.మీ. దగ్గర వణుకు, బ్యాలెన్సింగ్ చేయించినా పోదు

రిమ్ము హబ్బు మీద నడిమధ్య కూర్చోలేదు. రిమ్ము మధ్య రంధ్రం హబ్బు కన్నా పెద్దదైతే సరైన కొలత రింగు వేయాలి. నట్టు ఆనే తీరు కూడా చూడండి. శంఖు ఆకారపు నట్టు వేరు, పొడవాటి కాడతో చదునుగా ఆనే నట్టు వేరు, ఒకదాని చోట ఇంకొకటి పనికిరాదు. పాత కమారో బోల్టుల వలయం వ్యాసం 120.65 మి.మీ., 2010 నుంచి వచ్చిన కమారోది 120. అర మిల్లీమీటరు తేడాయే కదా అని బలవంతంగా బిగిస్తే స్టడ్లు వంగి, ఒకనాడు విరుగుతాయి. 2015 తర్వాతి మస్టాంగ్‌కు 114.3, 2008 నుంచి 2023 వరకు వచ్చిన చాలెంజర్‌కు 115, ఇవీ అంతే. ఇంకొకటి: పాత క్రైస్లర్ కార్లలో చాలావాటికి ఎడమవైపు స్టడ్లు ఎడమ మర. స్టడ్ చివర ‘ఎల్’ అనే అచ్చు ఉందేమో చూడకుండా రెంచి మీద బరువు వేయకండి.

లక్షణం: స్పీడోమీటర్ తప్పు చూపుతోంది, పికప్ తగ్గింది, ట్రాక్షన్ దీపం వెలుగుతోంది

వ్యాసం మారింది. 235/60ఆర్15 వ్యాసం 663 మి.మీ., 275/60ఆర్15ది 711. తేడా 7 శాతం. స్పీడోమీటర్ 100 చూపినప్పుడు కారు 107లో ఉంటుంది. వెనక ఇరుసులోని 3.55 గేరు నిష్పత్తి 3.31లా ప్రవర్తిస్తుంది, పికప్ తగ్గేది అందుకే. ముందు, వెనక వ్యాసాలు వేరైతే చక్రాల వేగాలూ వేరై, ట్రాక్షన్ దీపం వెలుగుతుంది. ముందు, వెనక వేర్వేరు వెడల్పులు వేసినా వ్యాసం దగ్గరగా ఉంచడం ఎలాగో 2010 కమారో ఎస్ఎస్ చూపింది. ముందు 245/45, వెనక 275/40, రెండూ 20 అంగుళాల రిమ్ముల మీద. లెక్క వేస్తే రెండిటికీ 728 మి.మీ. దరిదాపే. మీరు సైజు మార్చినా ఆ నిష్పత్తి చెడగొట్టకండి. ఆల్ వీల్ డ్రైవ్ ఉన్న చాలెంజర్, చార్జర్‌లకైతే ఇది మరీ ముఖ్యం.

లక్షణం: ఇంత వెడల్పు వేసినా పట్టు లేదు

ముందు తేదీ చూడండి. సైడ్‌వాల్ మీద డాట్ సంకేతం చివరి నాలుగు అంకెలు 3214 అయితే అది 2014లో 32వ వారం తయారైన టైరు. ట్రెడ్ నిండుగా ఉన్నా రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది. ఏళ్ల తరబడి కవరు కింద నిలిపి ఉంచిన కార్లలో ఇదే మొదటి అనుమానితుడు. తర్వాత వాతావరణం. వేసవి టైరు 7 డిగ్రీల కిందికి వెళ్తే బిగుసుకుపోతుంది. వాన నీటిలో వెడల్పు టైరు ఇరుకు టైరు కన్నా ముందే తేలుతుంది, అరిగినదైతే మరీ తొందరగా. 2018 డాడ్జ్ చాలెంజర్ డీమన్‌కు ఫ్యాక్టరీయే 315 వెడల్పు డ్రాగ్ టైర్లు వేసింది. పొడి ట్రాక్ మీద వాటికి సాటి లేదు, తడి రోడ్డు మీద మాత్రం కాలు ఎంతో నెమ్మదిగా ఆనించాలి. సరికొత్త టైర్లే జారుతుంటే కంగారు వద్దు. అచ్చులోంచి వచ్చిన జారుడు పొర పోయేదాకా మొదటి కొన్ని వందల కిలోమీటర్లు మెల్లగా నడపండి. 100 కి.మీ. తిరిగాక నట్లన్నీ టార్క్ రెంచితో మళ్లీ బిగించి, ఆ పనిలోనే ఫెండర్ లోపల చేయి పెట్టి కొత్తగా రబ్బరు పొడి చేరిందేమో తడిమి చూడండి.