టీచరమ్మకు ప్రసూతి సెలవు: ఏ రోజు నుంచి పెట్టాలి?

స్టాఫ్ రూంలో ఒక మేడంకు ఏడో నెల పడిందంటే చాలు, తలా ఒక తేదీ చెబుతారు. తల్లిగారింటి నుంచి అమ్మ ఫోన్ చేసి "తొమ్మిదో నెల పడ్డంక ఇంకేం బడి బిడ్డా" అంటుంది. హెచ్‌ఎం సార్ మాత్రం "పరీక్షలు అయ్యేదాంక ఉండరాదు మేడం" అంటారు. ఇద్దరు పిల్లల్ని కన్న సీనియర్ మేడం ఒకరు ఉంటారు, "నేనైతే నొప్పులొచ్చే ముందురోజు దాకా వచ్చిన" అని గొప్పగా చెబుతారు. ఆ మేడం మాట వినొద్దు. ఆమె ఇల్లు బడి పక్కనే ఉండి ఉంటుంది.

తేదీ నిర్ణయించాల్సింది మీ ఒళ్లు, మీ దారి, మీ క్యాలెండర్. నా లెక్కలో వాటి వరుస కూడా అదే.

ముందు రెండు తేదీలు రాసుకోండి

డాక్టర్ ఇచ్చే డెలివరీ తేదీ చివరి నెలసరి మొదటి రోజు నుంచి 280 రోజులు, అంటే 40 వారాలు లెక్కేసి చెప్పేది. మొదటి మూడు నెలల్లో తీసిన స్కానింగ్ వేరే తేదీ చూపిస్తే డాక్టర్లు మామూలుగా దాన్నే నమ్ముతారు. సరిగ్గా ఆ రోజే కాన్పు అయ్యేవాళ్లు నూటికి నలుగురైదుగురే. 37 వారాలు నిండాయంటే ఎప్పుడైనా కావచ్చు. అందుకే డెలివరీ తేదీ పక్కన, దానికి మూడు వారాల ముందు తేదీని కూడా డైరీలో ఎర్ర పెన్నుతో రాసుకోండి. ఆ రోజు దాటి బడికి వెళ్లడమంటే బ్యాగులో ఆస్పత్రి ఫైలు పెట్టుకొని వెళ్లడమే.

ఆపరేషన్ ముందే ఖాయమైతే లెక్క కొంచెం సులువు. మన రాష్ట్రంలో అది అరుదేం కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. వేరే ఇబ్బంది లేకపోతే 39 వారాలు నిండాకే చేస్తారు. ముహూర్తం కోసం దాన్ని ఇంకా ముందుకు జరపమని ఇంట్లో వాళ్లు పట్టుబడితే, బిడ్డ ఊపిరితిత్తుల సంగతి డాక్టర్‌నే చెప్పమనండి.

తర్వాత దారి చూడండి

చాలామంది క్లాసులో ఎంతసేపు నిలబడగలనా అని ఆలోచిస్తారు. క్లాసులో కుర్చీ ఉంటుంది, అలిసిపోతే కూర్చోవచ్చు. మూడో తరగతి పిల్లలైతే వాళ్లే కుర్చీ లాక్కొచ్చి వేస్తారు. బడికి పోయే దారిలో కుర్చీ ఉండదు. నల్లగొండలో ఇల్లు, చందంపేట వైపు తండాలో బడి అనుకోండి. పొద్దున దేవరకొండ దాకా బస్సు, అక్కణ్నుంచి షేర్ ఆటో. ఆటోలో వెనక సీటు నిండాక డ్రైవర్ తన పక్కన ఇంకో ఇద్దర్ని ఎక్కించుకుంటాడు. కంకర తేలిన రోడ్డు మీద గుంత రాగానే అందరూ ఒకరి మీద ఒకరు పడతారు. అచ్చంపేటలో ఉండి అమ్రాబాద్, పదర వైపు వెళ్లేవాళ్లకు మన్ననూరు ఘాట్ మలుపులు అదనం. మహాలక్ష్మి ఉచిత ప్రయాణం వచ్చాక ఛార్జీ మిగిలింది నిజమే కానీ, ఎనిమిదింటి బస్సులో సీటు దొరకడం అదృష్టం.

అందుకని ఏడో నెల పడగానే ఒక వారం పాటు మీ ప్రయాణాన్ని గమనించండి. ఇంటి గుమ్మం నుంచి బడి గేటు దాకా ఎంతసేపు, అందులో నిలబడేది ఎంత, కుదుపులు ఎంత, మధ్యలో మూత్రానికి వెళ్లే చోటు ఉందా? చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది. అది లేకే చాలామంది మేడంలు పొద్దుట్నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. దాంతో మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తుంది, దాని వల్ల నెలలు నిండక ముందే నొప్పులు వచ్చే ప్రమాదం ఉంది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. బడి ఉన్న ఊళ్లోనే ఉంటూ, ఏ ఇబ్బందీ లేకపోతే 37, 38 వారాల దాకా వెళ్లొచ్చు. రోజూ రెండు బండ్లు మారి పోయే మేడం 34, 35 వారాల దగ్గర ఆగడం మంచిది. స్కూటీ నడిపేవాళ్లు ఎనిమిదో నెలలోనైనా ఆ తాళం భర్త చేతిలో పెట్టాలి.

తల్లిగారింటికి పోవడం కూడా ఈ లెక్కలోదే. మహబూబ్‌నగర్‌లో ఉద్యోగం, కల్వకుర్తిలో తల్లిగారిల్లు, కాన్పు కూడా అక్కడే అయితే, 36 వారాలు దాటకముందే చేరుకోవాలి. అక్కడి డాక్టర్ మిమ్మల్ని ఒకటి రెండుసార్లన్నా చూసి ఉండాలి కదా. శ్రీమంతం, ఒడిబియ్యం తంతులు ఏ వారంలో పెట్టుకున్నా సరే, సెలవు మొదలయ్యే తేదీ ఆ ప్రయాణపు తేదీ కన్నా ఆలస్యంగా ఉండకూడదు.

ఇప్పుడు 180 రోజుల లెక్క

ప్రభుత్వ టీచర్లకు పూర్తి జీతంతో 180 రోజులు. ఇద్దరి కంటే తక్కువ మంది పిల్లలు బతికి ఉన్నవాళ్లకు ఇది వర్తిస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2010లో దీన్ని 120 నుంచి 180కి పెంచారు. ఈ సెలవు మీ లీవు ఖాతాలోంచి కోత పడదు. అయితే ఆదివారాలు, దసరా, సంక్రాంతి అన్నీ ఆ 180లోనే కలిసిపోతాయి. కాన్పుకు ముందు వాడిన ప్రతి రోజూ కాన్పు తర్వాత తగ్గుతుంది. బిడ్డకు తల్లిపాలు తప్ప వేరేదేదీ పెట్టొద్దని చెప్పే కాలం కూడా ఆరు నెలలే. కాబట్టి ముందు వాడుకున్న వారాలు పాలిచ్చే వారాల నుంచే పోతాయి.

ఇంతదాకా అందరికీ తెలుసు. వేసవి సెలవులతో కలిపి లెక్కేసేవాళ్లే తక్కువ.

అక్టోబర్ 20 డెలివరీ తేదీ అనుకుందాం. కాన్పు రోజు నుంచే సెలవు మొదలైతే 180వ రోజు ఏప్రిల్ 17. మీరు 18న చేరతారు, 23న బడి మూసేస్తారు. ఆ కొద్ది రోజుల కోసం బిడ్డను వదిలి పోయి, మళ్లీ జూన్ 12 దాకా ఇంట్లోనే. అదే అక్టోబర్ 1 నుంచి సెలవు పెడితే 180 రోజులు మార్చి 29కి అయిపోతాయి. మార్చి 30న చేరి, మూడు వారాలకు పైగా పరీక్షలు, పేపర్లు చూసుకొని, ఏప్రిల్ 24 నుంచి 49 రోజులు మళ్లీ బిడ్డ దగ్గరే. అంటే కాన్పుకు ముందు 19 రోజులు విశ్రాంతి తీసుకున్నందుకు మీరు కోల్పోయింది చాలా తక్కువ. అక్టోబర్, నవంబర్ కాన్పుల వాళ్లకు నేను చెప్పేది ఒకటే: ముందు పెట్టడానికి జంకొద్దు.

వేసవి కాన్పు లెక్క తలకిందులుగా ఉంటుంది. సెలవుల్లో కాన్పు అయితే ప్రసూతి సెలవు కాన్పు రోజు నుంచే మొదలవుతుంది. "వేసవి సెలవులు అయిపోయాక జూన్ 12 నుంచి పెట్టుకుంటా" అంటే కుదరదు. మే 5న కాన్పు అయితే అక్టోబర్ 31కి 180 రోజులు నిండుతాయి, నవంబర్ 1న చేరాలి. అందులో మే 5 నుంచి జూన్ 11 దాకా 38 రోజులు ఎలాగూ మీవే అయిన సెలవులు, అవి కలిసిపోయినట్టే. ఏం చేస్తాం, కాన్పు నెల మన చేతిలో ఉండదు. ఒక్క లాభం ఏమిటంటే ఏప్రిల్ 24 తర్వాత కాన్పు దాకా తీసుకునే విశ్రాంతికి ఒక్క సెలవు కూడా ఖర్చు కాదు. పైగా నల్లగొండ ఎండల్లో తొమ్మిదో నెలతో బస్టాండ్‌లో నిలబడే బాధ తప్పుతుంది.

జనవరి, ఫిబ్రవరి కాన్పులకు వేసవి మొత్తం 180లోకే వెళ్లిపోతుంది. వాళ్లు ముందు రోజుల కోసం వేరే సెలవులు వాడటమే తెలివి.

వేరే సెలవులు ముందు పెట్టి, ప్రసూతి సెలవు తర్వాత పెట్టడం

ఏటా 20 హాఫ్ పే లీవులు (సగం జీతపు సెలవులు) జమ అవుతాయి. మెడికల్ సర్టిఫికెట్‌తో రెండు హాఫ్ పే లీవులు వదులుకుంటే ఒక రోజు పూర్తి జీతపు సెలవు వస్తుంది. ఐదేళ్ల సర్వీసు ఉండి ఏమీ వాడని మేడంకు 100 ఉంటాయి, అంటే 50 రోజులు. డాక్టర్ బెడ్ రెస్ట్ రాసినప్పుడు ప్రసూతి సెలవును కదిలించకుండా వీటిని వాడండి. 2024 డీఎస్సీలో కొత్తగా వచ్చినవాళ్ల ఖాతాలో ఇవి తక్కువే, వాళ్లకు ఈ దారి ఇరుకు. క్యాజువల్ లీవులను మాత్రం ప్రసూతి సెలవుకు అతికించి పెట్టడం కుదరదు.

సెలవు అయ్యాక కూడా అవసరం ఉంటుంది. 2016లో వచ్చిన చైల్డ్ కేర్ లీవు మొత్తం 90 రోజులు, ఒక్కో విడత 15 రోజులకు మించకుండా వాడుకోవాలి. ఇది పిల్లలకు 18 ఏళ్లు వచ్చేదాకా ఉంటుంది కాబట్టి మొదటి ఏడాదిలోనే ఊడ్చేయొద్దు. జ్వరాలు, పదో తరగతి పరీక్షలు అన్నీ ముందున్నాయి. భర్త కూడా రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగే అయితే అతనికి 15 రోజుల పితృత్వ సెలవు ఉంది. ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన వారం నుంచి పెట్టమనండి, పనికొస్తుంది.

గర్భం నిలవకపోతే దానికి ఆరు వారాల దాకా సెలవు వేరుగా ఉంది. అడగడానికి మొహమాటపడి వారానికే బడికి వచ్చేసేవాళ్లు ఉన్నారు. అడగండి.

ప్రైవేటు బడిలో చేసేవాళ్లకు

2025 నవంబర్ దాకా 1961 ప్రసూతి ప్రయోజన చట్టం, దానికి 2017లో వచ్చిన సవరణ ఉండేవి; ఇప్పుడు వాటి స్థానంలో వచ్చిన సామాజిక భద్రతా కోడ్ (2020) ప్రకారం కూడా 26 వారాలే. డెలివరీ తేదీకి ముందు 8 వారాలకు మించి వాడకూడదు. ఇద్దరు పిల్లలు ఉన్నాక అయితే 12 వారాలు, అందులో ముందు 6. గడిచిన 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి. పట్టణాల్లో చాలా బడుల్లో "రాజీనామా చేసి వెళ్లండి, జూన్‌లో చూద్దాం" అనే మాట వినిపిస్తుంది. ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. సెలవులో ఉన్న టీచర్‌ను ఆ కారణంగా తీసేయడం చట్టవిరుద్ధం. దరఖాస్తు రాతలో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకుంటే కార్మిక శాఖ దగ్గరకు పోయినప్పుడు మీ చేతిలో ఆధారం ఉంటుంది. కాంట్రాక్టు గడువు మధ్యలో ముగిసినా ప్రసూతి ప్రయోజనం ఆగదని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఏ లెక్కా చూడకుండా ఆగాల్సిన రోజు

తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం చేతులు ఒక్కసారిగా వాయడం, పొట్ట పైభాగంలో నొప్పి బీపీ పెరిగిన గుర్తులు. రక్తం కనిపించినా, నీరు పోయినా, బిడ్డ కదలిక తగ్గినా వెంటనే ఆస్పత్రికి. "ఈ పీరియడ్ అయ్యాక పోతా" అనొద్దు. మాయ కిందికి ఉందని స్కానింగ్‌లో తేలినవాళ్లు, కవలలు ఉన్నవాళ్లు, రక్తం బాగా తక్కువ ఉన్నవాళ్లు పైన చెప్పిన వారాల లెక్కను పక్కనపెట్టి డాక్టర్ చెప్పిన తేదీకే ఆగాలి.

టీచర్లకు ప్రత్యేకంగా ఇంకోటి ఉంది. క్లాసులో ఎవరికైనా ఆటలమ్మ పోసి, మీకు చిన్నప్పుడు అది రాకపోతే, అదే రోజు డాక్టర్‌కు ఫోన్ చేయండి. కాన్పు దగ్గర్లో తల్లికి సోకితే పసిబిడ్డకు చాలా ప్రమాదం. పల్లె బడుల్లో వేసవి ముందు ఇది మామూలే. ఆ పిల్లను ఇంటికి పంపడానికి తల్లిదండ్రులు ఒప్పుకోకపోతే మీరే కొన్నాళ్లు ఇంట్లో ఉండండి.

కాగితాలు, తాళంచెవులు

అనుకున్న తేదీకి నెల ముందే హెచ్‌ఎంకు నోటితో చెప్పండి. ఏకోపాధ్యాయ బడి అయితే ఎంఈఓకు (మండల విద్యాధికారికి) కూడా చెప్పాలి, ఎందుకంటే పక్క బడి నుంచి ఎవర్నన్నా సర్దుబాటు చేయడానికి వాళ్లకు టైం పడుతుంది. దరఖాస్తుకు డెలివరీ తేదీ రాసిన డాక్టర్ సర్టిఫికెట్ జతచేయండి. జిరాక్స్ మీ దగ్గర ఉంచుకోండి. మంజూరు ప్రొసీడింగ్స్ వచ్చాక సర్వీస్ రిజిస్టర్‌లో ఎంట్రీ పడిందో లేదో కళ్లతో చూడండి, చేయించామని చెప్తే నమ్మొద్దు. ఎన్నికల డ్యూటీ, పరీక్షల డ్యూటీ పడితే సర్టిఫికెట్ పెట్టి మినహాయింపు అడగండి.

బడి అప్పగించడానికి రెండు రోజులు చాలు, కానీ ఆఖరి రెండు రోజులు పెట్టుకోవద్దు. మధ్యాహ్న భోజనం రిజిస్టర్‌లో బియ్యం నిల్వ, గుడ్ల బాకీ ఆ రోజు దాకా రాసి, కొత్తగా వచ్చే సార్‌తో సంతకం పెట్టించండి. క్యాష్ బుక్, బీరువా తాళాలు కూడా అంతే. తొలిమెట్టులో (చిన్న తరగతులకు చదవడం, రాయడం, లెక్కలు నేర్పే కార్యక్రమం) ఏ పిల్ల చదవగలుగుతుంది, ఏ పిల్లాడు ఇంకా గుణింతాల దగ్గరే ఉన్నాడో ఒక కాగితం మీద రాసిపెడితే సిలబస్ గురించి మీకు నిద్ర పట్టని బాధ ఉండదు. ఎనిమిదో నెల పడగానే ఈ కాగితాలన్నీ ఒక కవర్‌లో పెట్టి బీరువాలో ఉంచండి.

అన్నీ అనుకున్నాక కూడా నొప్పులు ముందే రావచ్చు. అప్పుడు దరఖాస్తు గురించి బెంగ అక్కర్లేదు. హెచ్‌ఎంకు ఇంట్లో వాళ్లెవరైనా మెసేజ్ పెడితే చాలు, సెలవు కాన్పు రోజు నుంచే లెక్క. డిశ్చార్జి కాగితం, పుట్టిన తేదీ సర్టిఫికెట్ తర్వాత పంపొచ్చు.