ఎలక్షన్లు వస్తున్నాయి, ఫార్వర్డ్ నొక్కే ముందు ఇవి చూస్కోండి

– పోలింగ్ తేదీ మారిందనో, ఓటు ఇలా వెయ్యాలనో మెసేజ్ వస్తే ఎన్నికల అధికారుల సైట్‌లో చూడకుండా అస్సలు పంపొద్దు. మిగతా తప్పులు తర్వాత దిద్దుకోవచ్చు, పోయిన ఓటు మళ్ళీ రాదు.

– చదవగానే కోపమో భయమో తన్నుకొచ్చిందా, అక్కడే ఆగండి. ట్విట్టర్ మీద చేసిన స్టడీ ఒకటి 2018లో సైన్స్ పత్రికలో వచ్చింది, అబద్ధపు వార్త రీట్వీట్ అయ్యే అవకాశం నిజమైన వార్త కంటే 70 శాతం ఎక్కువంట, అదీ బాట్ల (వాటంతట అవే పోస్టులు పెట్టే ప్రోగ్రాముల) వల్ల కాదు మనలాంటి మనుషుల వల్లే, నాకు అదే బాధ.

– అందరూ అంటున్నారు కదా అని నమ్మకండి. ఒకే మాట పదే పదే వింటే నిజమే అనిపిస్తుందని 1977లోనే ప్రయోగం చేసి చూపించారు.

– ఫొటో అయితే రివర్స్ ఇమేజ్ సెర్చ్ చెయ్యండి, అంటే ఆ ఫొటోనే గూగుల్‌లో పెట్టి ముందు ఎక్కడ వచ్చిందో వెతకడం. పాత ఫొటోకి కొత్త కథ అతికించడం చాలా ఈజీ.

– వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తుంటే అది కనీసం ఐదు చేతులు మారొచ్చింది, పంపినవాళ్ళకీ మూలం తెలీకపోవచ్చు.

– ఆల్రెడీ పంపేశారా? డిలీట్ చేసి ఊరుకోకండి, చదివినోళ్ళ బుర్రలో అది అలాగే ఉంటుంది. అదే గ్రూపులో ముందు నిజం ఏంటో రాసి, తర్వాత నేను పంపింది తప్పని చెప్పండి.