చలికి డీజిల్ బండి స్టార్ట్ కావట్లేదా? ముందు సెల్ఫ్ శబ్దం వినండి

లంబసింగిలో తెల్లవారుజామున మొరాయించే బండికీ, డిసెంబరులో లేహ్‌లో మొరాయించే బండికీ సాధారణంగా జబ్బు ఒకటి కాదు. రెండు చోట్లా మనం చేసే తప్పు మాత్రం ఒకటే: ఆపకుండా సెల్ఫ్ కొట్టడం. దాంతో బ్యాటరీ కూడా పడుకుంటుంది. పది సెకన్లు మించకుండా ఒకసారి కొట్టి, ఏం జరుగుతోందో గమనించండి.

సెల్ఫ్ నీరసంగా తిరుగుతోంది, లేదా టక్‌టక్‌మని ఆగిపోతోంది

బ్యాటరీ చూడండి. చలికి దాని సత్తువ తగ్గుతుంది, అదే సమయంలో ఇంజిన్ ఆయిల్ చిక్కబడి తిప్పడం కష్టమవుతుంది. మల్టీమీటర్‌లో 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే దాదాపు సగమే. టెర్మినళ్ల మీద తెల్లగా పేరుకుంటే విప్పి శుభ్రం చేసి గట్టిగా బిగించండి. అప్పటికి ఇంకో బండి బ్యాటరీకి కలిపే జంపర్ కేబుల్ గట్టెక్కిస్తుంది.

సెల్ఫ్ జోరుగా ఉంది, తెల్లపొగ వస్తోంది, ఇంజిన్ అందుకోవట్లేదు

డీజిల్ సిలిండర్‌లోకి వెళ్తోంది కానీ మండట్లేదు. డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ఉండదు, నొక్కుకుపోయిన గాలి వేడికే ఇంధనం అంటుకోవాలి. చల్లటి ఇంజిన్‌కు ఆ వేడి చాలదు కాబట్టే హీటర్ ప్లగ్‌లు. తాళం ఆన్ చేసి, మీటర్‌లో స్ప్రింగులా కనిపించే లైటు ఆరేదాకా ఆగండి. మరీ చలిగా ఉంటే ఇంకోసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి. అయినా కాకపోతే ఫ్యూజు, రిలే, ప్లగ్‌లు పరీక్షించాలి. మంచి ప్లగ్ ఒకటి రెండు ఓమ్‌ల లోపు చూపిస్తుంది, అసలు రీడింగే రాకపోతే కాలిపోయినట్టే. విప్పేటప్పుడు తొందరొద్దు, ఇంజిన్ హెడ్‌లో విరిగితే పెద్ద ఖర్చు. ఇట్టే అంటుకునే స్టార్టింగ్ స్ప్రే మాత్రం కొట్టకండి. కాలుతున్న ప్లగ్‌కు తగిలి పేలే ప్రమాదముంది.

సెల్ఫ్ బాగుంది, పొగే లేదు

డీజిల్ ఇంజిన్ దాకా రావట్లేదన్నమాట. లేహ్ లాంటి చోట్ల ముందు అనుమానించాల్సింది ఇదే. డీజిల్‌లో మైనం ఉంటుంది, చలికి అది గడ్డకట్టి డీజిల్ ఫిల్టర్‌ను మూసేస్తుంది. ఫిల్టర్ అడుగున చేరిన నీళ్లు మంచు కట్టినా అంతే.

వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డను ఫిల్టర్‌కు చుట్టండి, వీలైతే బండిని ఎండలోకి నెట్టండి. కరిగాక, డీజిల్ లైనుకు హ్యాండ్ పంపు ఉంటే కొట్టి పైపుల్లోని గాలి తీసేయండి. ట్యాంకు కింద మంట పెట్టడం చూసి నేర్చుకున్నవాళ్లకు ఒక్కటే విన్నపం: ఆ పని చేయకండి, ప్రాణాలు పోతాయి. కిరోసిన్ కలపడం పాత లారీల అలవాటు. ఇప్పటి బీఎస్-6 బండ్లలో హై ప్రెషర్ పంపుకు డీజిలే కందెన, కిరోసిన్ దాన్ని అరగదీస్తుంది.

అసలు మందు ముందుజాగ్రత్తే. లద్దాఖ్ కోసం ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో వింటర్ డీజిల్ తెచ్చింది, మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టదు. కింద మైదానాల్లో నింపిన మామూలు డీజిల్‌ను వీలైనంత తగ్గించుకుని అది పోయించండి. పోయించాక కొన్ని కిలోమీటర్లు నడపాలి. లేకపోతే ఫిల్టర్‌లో, పైపుల్లో పాతదే ఉండిపోయి రాత్రికి అదే గడ్డకడుతుంది. బయల్దేరేముందే ఫిల్టర్‌లో చేరిన నీళ్లు బయటికి తీసేయండి.

రేడియేటర్‌లో ఉత్త నీళ్లుంటే గడ్డకట్టి ఇంజిన్ బ్లాకు పగలొచ్చు, కూలెంట్, నీళ్లు సగం సగం ఉండాలి. రాత్రి హ్యాండ్ బ్రేక్ లాగకుండా గేరులో పెట్టి, చక్రాలకు రాళ్లు పెట్టండి. తడి బ్రేకులు పట్టేస్తే ఇంజిన్ స్టార్టయినా బండి కదలదు.